‘తవ్వేది’, ‘తవ్వుతూ’: కోలారు తెలుగు, ఇంగ్లీషు ‘ఇంగ్’

ఇంగ్లీషు వ్యాకరణం నేర్చుకునే తెలుగు విద్యార్థిని బాగా తికమకపెట్టేవాటిలో క్రియ చివర చేరే ‘ఇంగ్’ ఒకటి. ఒకచోట దాన్ని జెరండ్ అంటారు, మరొకచోట ప్రెజెంట్ పార్టిసిపుల్ అంటారు. రూపం ఒక్కటే, పేర్లు రెండు. రెండు పేర్లు ఎందుకు కావలసి వచ్చాయో పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు. నిర్వచనాలు ఇచ్చి, ఖాళీలు పూరించమంటాయి. ఈ చిక్కు వెనుక చరిత్ర ఉంది. కోలారు జిల్లాలో, అందులోనూ బంగారు గనుల చుట్టుపక్కల పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థులు ఆ చరిత్రను తమ ఇంటి భాష సాయంతో తేలికగా గ్రహించగలరని మా అభిప్రాయం. అయితే ‘అది తెలుగే కాదు’ అన్న మాట పడీ పడీ, ఆ ఇంటి భాషనే వారు తరగతి గది బయట వదిలి వస్తున్నారు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

గనులతోనే మొదలుపెడదాం. 1802లో సర్వే పని మీద ఈ ప్రాంతానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందన్న మాట విని, బహుమానం ప్రకటించి, గ్రామస్థుల చేత తన ఎదుటనే మట్టి కడిగించి చూశాడు. బంగారు రేణువులు కనిపించాయి. 1871లో, బెంగుళూరులో స్థిరపడిన మాజీ సైనికుడు మైకేల్ లావెల్ ఎడ్లబండి కట్టించుకుని కోలారు వచ్చాడు. 1875లో మైసూరు ప్రభుత్వం నుంచి ఇరవై యేళ్ళకు తవ్వకపు హక్కు సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ప్రవేశించింది. 1902లో శివసముద్రం నుంచి విద్యుత్తు వచ్చింది. కంపెనీతో పాటు ఇంగ్లండులోని కార్న్‌వాల్ గని పనివాళ్ళు వచ్చారు. ఉత్తర ఆర్కాటు, సేలం వైపుల నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువారు కూలికి వచ్చారు. మైనింగ్, వైండింగ్, క్రషింగ్, బ్లాస్టింగ్, టింబరింగ్ అంటూ గని పనికి సంబంధించిన పేర్లలో ఎన్నో ‘ఇంగ్’తో ముగిసేవే. మా ఉదాహరణలను ఈ మాటల నుంచే తీసుకుంటాం. పాఠ్యపుస్తకంలోని ‘స్విమ్మింగ్ ఈజ్ ఎ గుడ్ ఎక్సర్‌సైజ్’ అన్న వాక్యం, జీవనది లేని ఈ జిల్లాకు ఏమంత దగ్గరిది కాదు.

తెలుగులో ‘తవ్వు’ అనే ధాతువు తీసుకోండి. దాని నుంచి ‘తవ్వకం’ వస్తుంది. ఇది అచ్చమైన నామవాచకం. ‘తవ్వకాలు’ అని బహువచనం చేయవచ్చు, ‘పాత తవ్వకాలు’ అని విశేషణం చేర్చవచ్చు. గనుల చరిత్రలో కనిపించే ‘ఓల్డ్ వర్కింగ్స్’ సరిగ్గా ఇదే: ‘ఇంగ్’ ఉన్నా అందులో క్రియ లక్షణం మిగలలేదు. రెండవది ‘తవ్వడం’. ఇది వాక్యంలో నామవాచకం చేసే పని చేస్తుంది గాని, లోపల క్రియగానే ఉంటుంది. ‘బంగారం తవ్వడం’ అని కర్మను తీసుకుంటుంది, ‘త్వరగా తవ్వడం’ అని క్రియావిశేషణాన్ని తీసుకుంటుంది. ‘త్వరగా తవ్వకం’ అనలేము. ఇంగ్లీషు జెరండ్ అంటే ఈ ‘తవ్వడం’. మూడవది ‘తవ్వుతూ’: ‘తవ్వుతూ పాట పాడాడు’. నాల్గవది ‘తవ్వుతున్న’ లేక ‘తవ్వే’: ‘తవ్వుతున్న మనిషి’. చివరి రెండూ ఇంగ్లీషులో పార్టిసిపుల్ కిందికే వస్తాయి. ఇలా తెలుగు నాలుగు వేర్వేరు రూపాలతో చేసే పనిని ఇంగ్లీషు ఒక్క ‘డిగ్గింగ్’తో నెట్టుకొస్తున్నది.

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. సుమారు వెయ్యేళ్ళ కిందటి ప్రాచీన ఇంగ్లీషులో క్రియ నుంచి నామవాచకం చేయడానికి ‘ఉంగ్’ లేక ‘ఇంగ్’ చేర్చేవారు. ‘చేస్తూ, చేస్తున్న’ అనే అర్థానికి ‘ఎండె’ చేర్చేవారు. రెండూ వేరువేరు ప్రత్యయాలు. దాని సోదర భాష జర్మన్‌లో ఈ భేదం నేటికీ నిలిచి ఉంది: ‘వార్నుంగ్’ అంటే హెచ్చరిక, ‘వార్నెండ్’ అంటే హెచ్చరిస్తూ. మధ్యయుగంలో, పన్నెండవ శతాబ్ది తరువాత, దక్షిణ ఇంగ్లండు భాషలో ‘ఎండె’ క్రమంగా ‘ఇండె’ అయి, చివరకు ‘ఇంగె’లో కలిసిపోయింది. ఉత్తరాన, స్కాట్లండు వైపున, ‘అండ్’ అనే రూపం మరికొంత కాలం నిలిచింది. 1400లో చనిపోయిన చాసర్ రచనల నాటికి లండన్ భాషలో కలయిక దాదాపు పూర్తయింది. కనుక జెరండ్, పార్టిసిపుల్ అనేవి ఒకే రూపానికి వ్యాకర్తలు సరదాగా పెట్టిన రెండు పేర్లు కావు. అవి ఒకప్పుడు రెండు వేర్వేరు మాటలు. ధ్వని మార్పు వల్ల ఒకే దుస్తులు తొడుక్కున్నాయి.

ఈ భేదపు జాడ ఉచ్చారణలో ఇప్పటికీ పూర్తిగా చెరిగిపోలేదనడం వింతగా తోచవచ్చు. ఇంగ్లీషు మాట్లాడేవారు ‘వర్కింగ్’ను సంభాషణలో ‘వర్కిన్’ అనడం మనకు తెలుసు. క్రియగా వాడినప్పుడు ‘ఇన్’ ఎక్కువగానూ, నామవాచకంగా వాడినప్పుడు ‘ఇంగ్’ ఎక్కువగానూ వినిపిస్తుందని 1980లలో భాషాశాస్త్రజ్ఞులు లెక్కలు తీసి చూపారు.

కలిసిపోయినవాటిని విడదీసే పని పద్దెనిమిదవ శతాబ్ది వ్యాకర్తల మీద పడింది. 1762లో బిషప్ రాబర్ట్ లౌత్ ఒక నియమం చేశాడు: ‘ఇంగ్’ మాటకు ముందు ‘ద’ ఉంటే వెనుక ‘ఆఫ్’ కూడా ఉండాలి, లేకుంటే రెండూ ఉండరాదు. ‘ద మైనింగ్ ఆఫ్ గోల్డ్’ అనవచ్చు, ‘మైనింగ్ గోల్డ్’ అనవచ్చు. ‘ద మైనింగ్ గోల్డ్’ అనరాదు. మన మాటల్లో చెప్పాలంటే ‘బంగారపు తవ్వకం’ సరే, ‘బంగారం తవ్వడం’ సరే, రెంటినీ కలిపి కలగాపులగం చేయరాదు. 1795లో వచ్చిన లిండ్లీ మర్రే వ్యాకరణం ఈ నియమాన్ని ఇంగ్లీషు చదివే దేశాలన్నిటికీ మోసుకుపోయింది. మన దేశంలో తరువాతి తరాలకు నెస్ఫీల్డ్, ఆపైన రెన్ అండ్ మార్టిన్ దిక్కయ్యారు. ఆ రెన్ గారే ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసిన పి. సి. రెన్ అని తెలిస్తే కొందరు విద్యార్థులైనా ఆ లావు పుస్తకాన్ని కాస్త ప్రేమతో చూస్తారేమో.

జెరండ్ అనే మాట లాటిన్ వ్యాకరణం నుంచి తెచ్చినది. లాటిన్‌లో జెరండ్‌కు ప్రథమా విభక్తి లేదు, అంటే అది వాక్యానికి కర్తగా నిలవదు. ఇంగ్లీషు జెరండ్ నిక్షేపంగా కర్త అవుతుంది: ‘మైనింగ్ ఈజ్ డేంజరస్’. అరువు తెచ్చిన పేరు ఒంటికి సరిపోలేదన్నమాట. అంతటితో ఆగలేదు. ఇంగ్లీషులో సంస్కృత వ్యాకరణాలు రాసినవారు, ఉదాహరణకు 1879లో అమెరికా పండితుడు విట్నీ, ‘కృత్వా’, ‘గత్వా’ వంటి క్త్వాంతాలను జెరండ్ అన్నారు. అంటే ‘చేసి’, ‘వెళ్ళి’ అన్నమాట. ద్రావిడ భాషలను గురించి ఇంగ్లీషులో రాసేవారిలో కొందరు నేటికీ ‘చేసి’ వంటి రూపాలను జెరండ్ అనే అంటారు. దీని ఫలితం ఊహించండి. హైస్కూల్లో సంస్కృతం ప్రథమ భాషగా తీసుకున్న కోలారు విద్యార్థి ఒక పుస్తకంలో జెరండ్ అంటే ‘చేసి’ అని, మరో పుస్తకంలో ‘చేయడం’ అని చదువుతాడు. రెండు పుస్తకాలూ సరైనవే. అయోమయం మాత్రం విద్యార్థిది.

తెలుగు పక్షాన కూడా ఇలాంటి అరువు పేర్లే ఉన్నాయి. 1816లో ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. దక్షిణాది భాషలు సంస్కృత జన్యాలు కావని ఎల్లిస్ నిరూపించిన ప్రసిద్ధ వ్యాసం అందులోనిదే. 1840లో సి. పి. బ్రౌన్ వ్యాకరణం, 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం, 1873లో ఆర్డెన్ వ్యాకరణం వచ్చాయి. ఆర్డెన్ మన ‘చేయుట’ను జెరండ్ అనక, ‘వెర్బల్ నౌన్’ అని ఊరుకున్నాడు. అది తెలివైన పని. మన సంప్రదాయంలో ‘చేసి’ క్త్వార్థకం, ‘చేస్తూ’ శత్రర్థకం, ‘చేసే, చేసిన’ ధాతుజ విశేషణాలు, ‘చేయడం’ భావార్థకం. క్త్వా, శతృ అనేవి పాణిని ప్రత్యయాలు. సంస్కృతంలో శత్రంతం లింగ వచన విభక్తులను పొందే విశేషణం. తెలుగు ‘చేస్తూ’ ఏ మార్పూ పొందని అవ్యయం. అయినా ఈ పేర్లతో ఒక మేలు ఉంది: నాలుగు రూపాలకు నాలుగు పేర్లు, ఒకదానితో ఒకటి కలవవు. కన్నడ మాధ్యమంలో చదివినవారికి ఇవే ‘కృదంత భావనామ’, ‘కృదంతావ్యయ’ అనే పేర్లతో పరిచయమై ఉంటాయి. మొదటిది జెరండ్‌కు, రెండవది ‘చేస్తూ’ అనే అర్థంలోని పార్టిసిపుల్‌కు దగ్గరివి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. ఇంతవరకు ‘తవ్వడం’, ‘చేయడం’ అని రాస్తూ వచ్చాం. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట పల్లెల్లో ఈ మాట తరచుగా వినిపించేది ఇలా కాదు. అక్కడ ‘తవ్వేది’, ‘చేసేది’, ‘పోయేది’ అంటారు. ‘చెప్పేది సులభం, చేసేది కష్టం.’ ‘చేయడానికి’ అనవలసిన చోట ‘చేసేదానికి’ అనీ, అనంతపురం సరిహద్దు వైపు ‘చేసేకి’, ‘తినేకి’ అనీ అంటారు. కన్నడంలో ‘మాడువుదు’, వాడుకలో ‘మాడోదు’, తమిళంలో ‘చెయ్‌వదు’. మూడూ ఒకే అచ్చు: ధాతుజ విశేషణానికి ‘అది’ చేర్చితే క్రియానామం తయారవుతుంది. మూడు భాషలవారు ఒకే గనిలో దిగి, ఒకే సంతలో కొనుక్కునే చోట ఇలాంటి పోలికలు బలపడడం సహజం. మహారాష్ట్రలోని కుప్వాడ్ గ్రామంలో మరాఠీ, ఉర్దూ, కన్నడం వాక్య నిర్మాణంలో ఒకదానికొకటి ఎంత దగ్గరయ్యాయో 1971లో గంపర్జ్, విల్సన్ వివరించారు. అలాంటి పరిశీలనకు కోలారు గనుల ప్రాంతం ఏ విధంగానూ తీసిపోదు.

కోస్తా ప్రాంతపు పాఠ్యపుస్తకాన్ని కొలబద్దగా పెట్టుకున్నవారు ‘చేసేది’ని కన్నడ కల్తీ అంటారు. మేము ఒప్పుకోము. ఈ రూపం రాయలసీమలోనూ, తమిళనాటి తెలుగులోనూ ఉంది. తెలంగాణలో ‘చేసుడు’, ‘పోవుడు’ అంటారు. కోస్తాలో ‘చేయుట’ మారి ‘చేయటం’, ‘చేయడం’ అయింది. ఒకే అవసరానికి తెలుగు చేసుకున్న మూడు ఏర్పాట్లివి. వాటిలో ఒకటి అచ్చులోకి ఎక్కింది, అంతే. కైవారం నారాయణప్ప తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన నేల ఇది. ఇక్కడి తెలుగుకు ఎవరి యోగ్యతాపత్రమూ అక్కరలేదు.

ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు ఈ ‘చేసేది’ ఎలా పనికివస్తుంది? ఒక ప్రసిద్ధమైన జత చూడండి. ‘హి స్టాప్డ్ స్మోకింగ్’, ‘హి స్టాప్డ్ టు స్మోక్’. వీటి తేడాను నిర్వచనాలతో చెప్పబోతే పేజీ పడుతుంది. కోలారు తెలుగులో ‘వాడు బీడీ తాగేది నిలిపినాడు’, ‘వాడు బీడీ తాగేదానికి నిలిచినాడు’ అంటే చాలు. మొదటిదానిలో తాగేదే కర్మ, కనుక జెరండ్. రెండవదానిలో అది ప్రయోజనం.

మరో జత గని నుంచి. గని లోతుల్లోకి మనుషుల్ని దించి, ఖనిజాన్ని పైకి లాగే యంత్రం వైండింగ్ ఇంజన్. కొండ మీదికి మెలికలు తిరుగుతూ పోయే దారి వైండింగ్ రోడ్. మొదటిది జెరండ్, రెండవది పార్టిసిపుల్. ఇక్కడ తెలుగు ధాతుజ విశేషణం మనకు సాయపడదని ముందే చెప్పాలి. ఎందుకంటే ‘తాగే మనిషి’, ‘తాగే నీళ్ళు’, ‘తాగే గ్లాసు’, ‘తాగే చోటు’ అన్నిటికీ మన ‘తాగే’ ఒక్కటే. తాగేది ఎవరు, తాగబడేది ఏది, సాధనమేది అన్నది వినేవాడు అర్థం చేసుకోవలసిందే. కనుక చిన్న పరీక్ష పెట్టాలి. ‘ఏదానికి’ చేర్చి చూడండి. ‘తాగేదానికి నీళ్ళు’ సరిపోయింది. డ్రింకింగ్ వాటర్‌లో జెరండ్ ఉంది. ‘తాడు చుట్టేదానికి ఇంజన్’ సరిపోయింది. ‘మెలికలు తిరిగేదానికి దారి’ అంటే నవ్వు వస్తుంది; ‘మెలికలు తిరుగుతున్న దారి’ అనాలి. అది పార్టిసిపుల్. ఇంగ్లీషు వారి ఉచ్చారణలో కూడా ఈ తేడా వినబడుతుంది: వైండింగ్ ఇంజన్‌లో బలం మొదటి మాట మీద, వైండింగ్ రోడ్‌లో రెండవ మాట మీద. స్లీపింగ్ కోచ్, స్లీపింగ్ చైల్డ్ అని పలికి చూస్తే తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త అవసరం. ‘చేసేది’ అన్ని చోట్లా జెరండ్ కాదు. ‘అమ్మ చెప్పేది విను’ అన్నప్పుడు ‘చెప్పేది’ అంటే చెప్పే విషయం. ఇంగ్లీషులో ‘వాట్ మదర్ సేస్’ అనాలి. ఆ స్థానంలో ‘చెప్పడం’ పెట్టి చూడండి. ‘అమ్మ చెప్పడం విను’ అంటే అర్థం మారిపోతుంది. పుస్తకపు రూపం ఇంటి రూపానికి ఇలా తోడు రావాలి. ఒకటి నేర్చుకోవడానికి రెండవదాన్ని పారేయనక్కరలేదు.

ఇక తెలుగు మనల్ని దారి తప్పించే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘వాడు పోయేది నాకు ఇష్టం లేదు’ అన్నప్పుడు మన కర్త ప్రథమా విభక్తిలోనే ఉంటుంది. ‘వాడి పోయేది’ అనము. అందువల్ల మన విద్యార్థులు ‘ఐ డోంట్ లైక్ హి గోయింగ్’ అని రాస్తారు. ఇంగ్లీషులో ‘హిజ్ గోయింగ్’ అనాలి, లేదా ‘హిమ్ గోయింగ్’ అనాలి. ఈ రెంటిలో ఏది సాధువన్నది పెద్ద యుద్ధమే. 1906లో ఫౌలర్ సోదరులు ‘హిమ్ గోయింగ్’ వంటి ప్రయోగాన్ని తప్పుపట్టి, దానికి ‘ఫ్యూజ్డ్ పార్టిసిపుల్’ అని పేరు పెట్టారు. 1925-26లలో హెన్రీ ఫౌలర్‌కూ డెన్మార్క్ పండితుడు యెస్పర్సన్‌కూ దీని మీద వాదప్రతివాదాలు నడిచాయి. మంచి రచయితలు శతాబ్దాలుగా అలా రాస్తూనే ఉన్నారని యెస్పర్సన్ ఉదాహరణలు గుప్పించాడు. ఇప్పటి వ్యాకరణాలు రెంటినీ అంగీకరిస్తాయి. ‘హిజ్’ కాస్త గంభీరం, ‘హిమ్’ వాడుక. ‘హి’ని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

రెండవది, ‘వాన పడి చెరువు నిండింది’. చెరువులే ఆధారమైన ఈ జిల్లాలో ఇంతకంటె సంతోషకరమైన వాక్యం ఉండదు. క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కటే కావాలన్నది సామాన్య నియమం. ఇక్కడ పడింది వాన, నిండింది చెరువు. అయినా కారణం, ఫలితం వెంటవెంటనే ఉన్నాయి గనుక తెలుగు సహిస్తుంది. ఇంగ్లీషు సహించదు. ‘హావింగ్ రెయిన్డ్, ద ట్యాంక్ ఫిల్డ్ అప్’ అంటే చెరువే వాన కురిసిందని అర్థం వస్తుంది. ‘ఆఫ్టర్ ద రెయిన్’ అంటే సరిపోతుంది. ‘గోయింగ్ డౌన్ ద షాఫ్ట్, హిజ్ ల్యాంప్ వెంట్ అవుట్’ అన్నదీ ఈ కోవలోదే. దిగింది మనిషి, దీపం కాదు.

జెరండ్, పార్టిసిపుల్ అన్న విభజన మీద ఇంగ్లీషు వ్యాకర్తలకే ఇటీవల నమ్మకం సడలింది. 1985లో క్వర్క్, ఆయన సహరచయితలు, అచ్చమైన నామవాచకం నుంచి అచ్చమైన క్రియ వరకు ‘ఇంగ్’ మాటలు మెట్లుమెట్లుగా ఉంటాయని చూపారు. 2002లో హడ్డిల్‌స్టన్, పుల్లమ్ సంపాదకత్వంలో వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం రెంటినీ కలిపి ‘జెరండ్-పార్టిసిపుల్’ అని ఒకే పేరు పెట్టింది. నేటి ఇంగ్లీషు రూపాన్ని చూస్తే వారి మాట సబబే. కాని పరభాషగా నేర్చుకునే మనకు, ‘తవ్వేది’, ‘తవ్వుతూ’ అని విడివిడిగా వినే చెవి ఉన్నప్పుడు, ఆ భేదాన్ని వదులుకోవలసిన పని లేదు.

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం, 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తరువాత గనుల పట్టణం నుంచి రోజూ వేలమంది పొద్దున్నే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోవడం మామూలయింది. ఉద్యోగానికి పెట్టుకునే అర్జీలో చివరి వాక్యంగా మన విద్యార్థులు తరచు రాసేది ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’. తప్పు ఎక్కడ ఉందో ఇప్పుడు చూడవచ్చు. మన ‘కలిసేదానికి’లోని ‘కి’ ఇంగ్లీషులో రెండు వేర్వేరు ‘టు’లకు సమానం. ఒకటి క్రియకు ముందు వచ్చేది, ‘టు మీట్’. రెండవది నామవాచకానికి ముందు వచ్చే విభక్తి, ‘టు బెంగుళూరు’ వంటిది. ‘లుకింగ్ ఫార్వర్డ్’ తరువాత వచ్చేది రెండవ రకం. దాని పక్కన నామవాచకమో, నామవాచకపు పని చేసే రూపమో ఉండాలి. కనుక అక్కడ ‘టు మీటింగ్ యూ’ అని రాయాలి. ఆ వాక్యంలో మొదటి ‘ఇంగ్’ పార్టిసిపుల్, రెండవది జెరండ్.